పులికాట్, నేలపట్టు: పక్షుల తావుల చరిత్ర

ఆంధ్ర, తమిళ నేలల సరిహద్దు మీద, బంగాళాఖాతం పక్కన పరుచుకున్న పులికాట్, చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. దాని విస్తీర్ణంలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. సముద్రంలో కలిసే పెద్ద ముఖద్వారం మాత్రం తమిళనాడులోని పళవేర్కాడు దగ్గర ఉంది. తూర్పున శ్రీహరికోట దీవి గోడలా నిలబడి అలల తాకిడిని ఆపుతుంది. పడమటి నుంచి కాళంగి, దక్షిణం వైపు ఆరణి నదులు మంచినీళ్లు తెచ్చి పోస్తాయి. ఒడ్డు పల్లెల తెలుగువాళ్లు ఈ సరస్సును ప్రళయకావేరి అని పిలుచుకున్నారు. అక్కడి మనుషుల బతుకును, పలుకును స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’లో అక్షరబద్ధం చేశారు. సరస్సుకు ఉత్తరపు కొసన, కాస్త లోపలికి, దొరవారిసత్రం మండలంలో నేలపట్టు చెరువు ఉంది. కాగితాల మీద ఇవి రెండు వేర్వేరు అభయారణ్యాలు. పక్షులకు మాత్రం రెండూ కలిస్తేనే ఒక బతుకు: చెరువులో గూడు, సరస్సులో తిండి.

ఈ ప్రాంతానికి వానలు తెచ్చేది ఈశాన్య రుతుపవనాలు. నైరుతి వానలు ఇక్కడ అంతంతమాత్రమే. ఎండాకాలంలో సరస్సు ఉత్తర భాగం చాలామేర ఎండిపోయి, ఉప్పు తేలిన బయలుగా మారుతుంది. అక్టోబరు వానలతో చెరువులు నిండుతాయి, ఏళ్లు పారుతాయి, సరస్సులో ఉప్పదనం తగ్గుతుంది, మోకాటిలోతు నీళ్లు మైళ్ల కొద్దీ విస్తరిస్తాయి. మధ్య ఆసియా, సైబీరియాల్లో చలి ముదిరి ఉల్లంకి పిట్టలు, సూదితోక బాతులు దక్షిణానికి బయలుదేరే సమయం కూడా అదే. పెద్ద ఫ్లెమింగోలు గుజరాత్‌లోని కచ్ రణ్‌లో గుడ్లు పెట్టి పిల్లలను పెంచుకునే పక్షులు. వేల సంఖ్యలో ఇక్కడికి వచ్చి, తలకిందులుగా ముంచిన ముక్కుతో బురదనీటిని వడగట్టి చిన్న చిన్న రొయ్యజాతి జీవులను, నాచును తింటూ వేసవి దాకా ఉండిపోతాయి. శరత్కాలంలో సూళ్లూరుపేట వైపు వచ్చిన వాళ్లకు ఒకే రోజున అటు గూళ్లు కట్టుకునే పక్షులు, ఇటు అప్పుడే దిగిన వలస పక్షులు కనిపించడానికి కారణం ఈ వానల క్రమమే.

సరస్సు ఒడ్డుకు మొదట పేరు తెచ్చింది పక్షులు కాదు, బట్టల వ్యాపారం. డచ్చివారు 17వ శతాబ్దం మొదట్లో పళవేర్కాడులో దిగి, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. కోరమాండల్ తీరంలో వాళ్ల వ్యాపారానికి 1690 వరకు అదే కేంద్రం. ఆంగ్లేయులు కూడా మద్రాసుకు ముందు, 1620ల్లో, సరస్సుకు ఉత్తరాన దుగరాజపట్నంలో ఒక స్థావరం పెట్టుకున్నారు. తర్వాతి కాలంలో సరస్సు మద్రాసుకు దారి అయింది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వడం మొదలైన కాలువ ఉత్తరానికి సాగి పులికాట్‌ను అందుకుంది. 1876–78 నాటి కరవులో కూలి కోసం వచ్చిన జనంతో అడయారు, కూవం నదుల మధ్య మిగిలిన ముక్కను తవ్వించారు. అప్పటి గవర్నరు పేరున అది బకింగ్‌హామ్ కాలువ అయింది. ఈ జలమార్గంలో పడవల మీద కట్టెలు మద్రాసు పొయ్యిలకు చేరేవి.

శ్రీహరికోట అడవుల్లో యానాదులు ఉండేవారు. తేనె, దుంపలు, మూలికలు సేకరించడం, చేపలు పట్టడం వాళ్ల జీవనం. ఈ ప్రాంతపు పక్షుల గురించి అచ్చులోకి వచ్చిన తొలి సమాచారంలో వాళ్ల పాలు ఉంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. అడవి జీవుల గురించి యానాదులను అడిగి చాలా సంగతులు తెలుసుకున్నాడు. 1862–64 మధ్య మూడు సంపుటాలుగా వెలువడిన అతని భారతీయ పక్షుల గ్రంథంలో ఎన్నో పక్షులకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. అప్పట్లో కర్నాటిక్ అని పిలిచిన ప్రాంతంలో ఒక ఊరి నడుమ చెట్ల మీద గూడబాతులు (పెలికన్‌లు) తరతరాలుగా గూళ్లు కట్టుకుంటున్న సంగతి కూడా అందులోనే నమోదైంది. ఊరివాళ్లు పక్షుల జోలికి పోకపోవడం ఎవరో వచ్చి నేర్పిన అలవాటు కాదని చెప్పడానికి ఆ నమోదు ఒక గట్టి సాక్ష్యం.

గూడబాతుల కథ ఆ తర్వాత విషాదంగా నడిచింది. 1877లో ఓట్స్ అనే ఆంగ్లేయ అధికారి బర్మాలోని సిట్టాంగ్ నది మైదానంలో లెక్కకందనన్ని గూడబాతులు గూళ్లు కట్టడం చూశాడు. 20వ శతాబ్దంలో ఆ కొలువు పూర్తిగా మాయమైంది. ఆంధ్రలో 1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలోని ఆరేడులో ఒక పెద్ద కొలువును గుర్తించి, 1949లో దాని గురించి రాశాడు. మలయాళ పాఠకులు ఇందుచూడన్ అని పిలుచుకునే పక్షిశాస్త్రవేత్త ఈయనే. ఆ ఆరేడు కూడా కొన్ని దశాబ్దాల్లోనే ఖాళీ అయింది. ఇలా ఒక్కో తావూ చెదిరిపోతున్న కాలంలో నేలపట్టులో గూడబాతులు నిలిచాయి. అందుకే ఈ చిన్న చెరువుకు అంత విలువ.

నేలపట్టు నిజానికి పంటపొలాలకు నీళ్లిచ్చే చెరువు. దానిలో కడప చెట్లు పెరుగుతాయి. నెలల తరబడి మొదలు నీటిలో మునిగి ఉన్నా ఈ చెట్టు చావదు. చుట్టూ నీళ్లుంటే నక్కలు, అడవిపిల్లులు గూటిని చేరలేవు. గూడబాతు సాధారణంగా రెండు మూడు గుడ్లు పెడుతుంది. దాదాపు నెలరోజులు పొదగాలి, తర్వాత మూడు నెలలకు పైగా పిల్లలను మేపాలి. అంటే అక్టోబరు, నవంబరుల్లో మొదలుపెట్టిన సంసారం మార్చి దాకా సాగుతుంది. అన్నాళ్లూ చెరువులో నీళ్లు, సరస్సులో చేపలు రెండూ ఉండాలి. వానలు దగా చేసిన ఏడాది పక్షులు గూళ్లు కట్టవు, కట్టినా మధ్యలోనే వదిలేస్తాయి. ఇదే చెట్ల మీద నత్తగొట్టు కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, రాత్రి కొంగలు పక్కపక్కనే కాపురం ఉంటాయి. వాటిలో నత్తగొట్టు కొంగ సరస్సు దాకా పోదు. చుట్టుపక్కల వరిమళ్లలోని నత్తలే దానికి తిండి. కాబట్టి ఈ కొలువును బతికించడంలో రైతు మడికి కూడా వాటా ఉంది.

రైతుకూ దీనివల్ల లాభమే. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, పులికాట్ దగ్గరి వెదురుపట్టులో ఊరి చెట్ల మీదే పక్షులు గూళ్లు కడతాయి. అవి వస్తే వానలు, పంటలు బాగుంటాయన్న నమ్మకం వాటికి రక్ష అయింది. చట్టం చాలా ఆలస్యంగా వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 1976లో పులికాట్ ఆంధ్ర భాగాన్ని, నేలపట్టును అభయారణ్యాలుగా ప్రకటించారు. నేలపట్టు విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. తమిళనాడు తన భాగాన్ని 1980లో ప్రకటించింది.

అప్పటికి సరస్సు రూపం మారిపోయింది. 1969లో శ్రీహరికోటను రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. దీవిలో బయటివాళ్ల రాకపోకలు ఆగిపోవడంతో అక్కడి అడవి మిగిలింది. అది మేలే. కానీ ఆ అడవినే నమ్ముకున్న యానాదుల్లో చాలామంది చోటు కోల్పోయారు, ఆ సంగతి మరవకూడదు. సూళ్లూరుపేట నుంచి దీవికి సరస్సు మీదుగా వేసిన కట్టరోడ్డు రెండో మార్పు. చూడవచ్చిన వాళ్లు ఫ్లెమింగోలను దగ్గరగా చూడగలిగేది ఆ రోడ్డు మీది నుంచే. అయితే అదే రోడ్డు ఉత్తర, దక్షిణ భాగాల మధ్య నీటి పారుదలను అడ్డుకుంది.

2001లో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ మొదలైంది. దానితో ఈ తావుల పేరు రాష్ట్రమంతా తెలిసింది, బడిపిల్లలు బస్సుల్లో వచ్చి పక్షులను చూశారు. మధ్యలో కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ జరిగింది. 2022 జిల్లాల విభజనతో ఈ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

ఇప్పుడున్న అసలు కష్టం పూడిక. నదులు తెచ్చే ఒండ్రు, కెరటాలు తోసే ఇసుక కలిసి ముఖద్వారాలను మూసేస్తున్నాయి. రాయదొరువు దగ్గర ఉత్తరపు ముఖద్వారం మూసుకుపోతే సముద్రపు పోటు లోపలికి రాదు. పోటుతో వచ్చే చేపపిల్లలు, రొయ్యపిల్లలు రావు. జాలరి వల, గూడబాతు సంచి రెండూ ఖాళీగా ఉంటాయి. నేలపట్టులో చెట్లను ఎంత బాగా కాపాడినా, సరస్సులో చేప లేకపోతే గూటిలో పిల్ల బతకదు. ముఖద్వారాలు తెరిపించమని ఒడ్డు పల్లెల జాలర్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. పక్షుల పేరు చెప్పి చేసే ఏ ఖర్చుకన్నా ముందు జరగాల్సిన పని అదే.