తెగిన వేలు – మొద్దుబారిన వేలు

తిరువూరు కృష్ణా కాలువల పక్కనున్న వూరు కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టా పచ్చబడింది గాని, జిల్లాకు ఉత్తరపు కొసన ఖమ్మం సరిహద్దు నానుకొని వున్న ఈ మెట్టకు ఆ నీరు ఎక్కలేదు. ఇక్కడ మనిషి నీటికోసం ఆకాశంవైపు చూశాడు, లేదా నేలలోని రాతిని తొలిచాడు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో చివరికి ఈ ప్రాంతమూ చేరింది. ఆ డ్యాము కూడా రాతి కట్టడమే. అనగా ఇక్కడి ప్రతి చుక్క నీటి వెనుకా రాయి కొట్టిన చెయ్యి వొకటి వున్నది.

ఈ చరిత్రను మనం ఎకరాలలో చెప్పుకున్నాము, క్యూసెక్కులలో చెప్పుకున్నాము, శంకుస్థాపన చేసిన నాయకుల పేర్లతో చెప్పుకున్నాము. చేతుల లెక్కలో మాత్రం ఎన్నడూ చెప్పుకోలేదు. ఈ వ్యాసం ఆ లెక్కకు సంబంధించినది.

బావిలో బండ తగిలితే వొకనాడు వడ్డెరవాళ్లు ఉలీ సమ్మెటా పట్టి తూట్లు వేసేవారు. తరువాత కంప్రెసరు వచ్చింది. గాలి వొత్తిడితో కొట్టుకునే డ్రిల్లు, రోజులపాటు జరగవలసిన పనిని గంటలలో చేసింది. ఈనాడు క్వారీలో రాయి తొలిచేవాడి చేతిలో, రోడ్డు పగలగొట్టేవాడి చేతిలో, గ్రానైటు పలకకు మెరుగు పెట్టేవాడి చేతిలో, సుబాబుల్ తోట నరికేవాడి చేతిలో ఏదో వొక అదిరే యంత్రం వున్నది. యంత్రం శ్రమను తగ్గించిందన్న మాట అబద్ధం కాదు. కాని తగ్గిన శ్రమ లాభం ఎవరికి చేరింది, పెరిగిన అదురు ఎవరి వొంటికి చేరింది అని అడగకపోతే ఆ మాట సగం నిజమే అవుతుంది.

ఆ అదురు చేతిని ఏం చేస్తుంది? వేళ్లలోని సన్నని రక్తనాళాలను, నరాలను దెబ్బతీస్తుంది. మొదట పని ముగిసిన తరువాత కాసేపు తిమ్మిరి. అందరికీ వుండేదే గదా అని కార్మికుడు చెయ్యి విదిలించుకుంటాడు. కొంతకాలానికి తిమ్మిరి రాత్రిపూట నిద్ర లేపుతుంది. తరువాత పట్టు సడలుతుంది. చేతిలోని వస్తువు తెలియకుండానే జారిపోతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. అన్నం కలుపుతుంటే వేడి తెలియదు. చలిదేశాలలోనైతే దీనికి మరొక గుర్తు కూడా వుంటుంది: చలికి వేళ్లు చివరలనుంచి పాలిపోయి, సున్నం పూసినట్లు తెల్లబడతాయి. అందుకే ఇంగ్లీషువాళ్లు దీనిని ‘తెల్ల వేలు’ అన్నారు.

ఇంత బాధ వున్నా ఆ చెయ్యి చూపులకు బాగానే వుంటుంది. గాయం లేదు, నెత్తురు లేదు, కట్టు లేదు. మన నష్టపరిహార చట్టానికి తెగిన వేలు కనబడుతుంది, మొద్దుబారిన వేలు కనబడదు. ఎందుకు కనబడదు? వైద్యశాస్త్రం ఇంకా కనిపెట్టకపోవడం వల్లనా? కాదు. ఇది చరిత్ర జవాబు చెప్పవలసిన ప్రశ్న.

వేళ్లు పాలిపోయే జబ్బును ఫ్రెంచి వైద్యుడు మారిస్ రేనో 1862లోనే వర్ణించాడు. గాలి డ్రిల్లు పట్టేవారికి ఇది పనివల్ల వస్తుందని ఇటలీలో లోరిగా 1911లో రాశాడు. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు బెడ్‌ఫర్డ్ సున్నపురాతి క్వారీలకు పేరుపొందిన వూరు. అక్కడి రాతిపనివారు గాలి సుత్తి తమ చేతులను చంపుతున్నదని మొరపెట్టారు. ప్రభుత్వ కార్మికశాఖ తరఫున డాక్టర్ ఆలిస్ హామిల్టన్ 1918లో ఆ కార్మికులను పరీక్షించింది. చలికాలపు ఉదయాలలో వారి వేళ్లు తెల్లబడడం కళ్లారా చూసింది. ఆ సుత్తి వాడేవారిలో పదింట తొమ్మిదిమందికి దగ్గరగా ఈ జబ్బు వున్నట్లు తేలింది. అరవై ఏళ్ల తరువాత, 1978లో, పరిశోధకులు మళ్లీ అదే బెడ్‌ఫర్డ్ వెళ్లి చూస్తే జబ్బు అత్యధిక సంఖ్యాకులలో అలాగే వున్నది. అరవై ఏళ్లలో శాస్త్రం ఎంత ఎదిగినా, సుత్తి పట్టిన చెయ్యి మాత్రం వున్నచోటనే వున్నది. తెలుసుకోవడం వేరు, వొప్పుకోవడం వేరు. వొప్పుకుంటే డబ్బు చెల్లించవలసి వస్తుంది.

వొప్పుకోకుండా తప్పించుకోవడానికి చట్టం ఎలా సాయపడిందో ఇంగ్లండు చరిత్ర చూస్తే అర్థమవుతుంది. అక్కడి 1897 చట్టం ‘ప్రమాదం’ వల్ల కలిగిన గాయానికి పరిహారం ఇచ్చింది. 1906లో ఆరు వృత్తివ్యాధులను జాబితాగా చేర్చారు. జాబితాలో లేని జబ్బు వచ్చినవాడు దానిని ప్రమాదంగా రుజువు చేసుకోవలసిందే. 1946లో ఇంజన్ల కర్మాగారపు కార్మికుడొకడు, అదిరే పనిముట్టు వల్ల తన వేళ్లు చచ్చుబడ్డాయని దావా తెచ్చాడు. పనిముట్టు కొట్టిన ప్రతి చిన్న దెబ్బా వొక చిన్న ప్రమాదమేనని అప్పీలు కోర్టు అంగీకరించి, అతని పక్షాన తీర్పు చెప్పింది. కాని 1948లో ఉత్తర వేల్సులోని పలకరాతి క్వారీకి సంబంధించిన సిలికోసిస్ కేసులో ప్రభువుల సభ ఆ తలుపును మూసివేసింది. లెక్కలేనన్ని చిన్న సంఘటనలు ఏళ్ల తరబడి సాగితే దానిని ప్రమాదం అనరాదు, అది వొక ప్రక్రియ అన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ తర్కాన్ని కాస్త నిలబడి చూడండి. వొక్కసారి కొడితే నేరం. పదిలక్షలసార్లు కొడితే అది నేరం కాదు, స్వభావం! మెల్లగా చేసే హానికి శిక్ష లేదన్నమాట. పెట్టుబడిదారీ ఉత్పత్తి కార్మికుడి శరీరాన్ని అరగదీసేది ఎక్కువగా మెల్లగానే.

ఆ తరువాత ఇంగ్లండులో ప్రభుత్వ సలహా సంఘం ఈ జబ్బును 1954లోను, 1970లోను, 1975లోను పరిశీలించి, జాబితాలో చేర్చనక్కర లేదన్నది. బాధ స్వల్పమనీ, మామూలుగా వచ్చే రేనో జబ్బునుంచి దీనిని విడదీయడం కష్టమనీ కారణాలు చెప్పారు. చివరకు 1985లో గాని చేర్చలేదు. గని కార్మికులు కోర్టుకెక్కి 1990 దశకం చివర బ్రిటిష్ కోల్ సంస్థమీద గెలిచారు. ఆ తరువాత వచ్చిన దరఖాస్తులు లక్షన్నరకు పైబడ్డాయి. చెల్లించిన పరిహారం వందకోట్ల పౌండ్లు దాటింది. ‘స్వల్పమైన బాధ’ పొడవు అంత! సోవియట్ యూనియన్‌లోనైతే 1950 దశకంలోనే ఆండ్రేయేవా-గాలానినా వంటి శాస్త్రజ్ఞులు దీనికి ‘కంపన వ్యాధి’ అని పేరుపెట్టి, వేలి రంగును మాత్రమే కాక నరాలను, కండరాలను, ఎముకలను కలిపి చూశారు.

ఇక మన దేశానికి వద్దాం. 1923లో చేసి 1924 జూలై 1నుంచి అమలుపరచిన కార్మికుల నష్టపరిహార చట్టం ఇంగ్లీషు చట్టపు అచ్చులో పోసినదే. మొదట అందులోని వృత్తివ్యాధుల జాబితా మూడు పేర్లకు మించలేదు: ఆంథ్రాక్స్, సీసపు విషం, భాస్వరపు విషం. జాబితాలో వున్న జబ్బు వస్తే, అది పనివల్లనే వచ్చిందని చట్టమే అనుకుంటుంది; కాదని చూపవలసిన భారం యజమానిది. జాబితాలో లేకపోతే, ఫలానా ప్రమాదపు గాయం వల్లనే ఈ జబ్బు నేరుగా వచ్చిందని కార్మికుడు నిరూపించాలి. ఏ తేదీన, ఏ గంటకు నీ వేళ్లు మొద్దుబారాయి అని అడిగితే, పదేళ్లు డ్రిల్లు పట్టినవాడు ఏ తేదీ చెబుతాడు?

జాబితాలోకి జబ్బులు ఎలా వస్తాయో తెలుగువారు ఎందరో పనిచేసిన కోలారు బంగారు గనుల అనుభవం చెబుతుంది. రాతిని తొలిచే డ్రిల్లు రెండు పనులు చేస్తుంది: ధూళి లేపుతుంది, చేతిని అదిరిస్తుంది. 1940 దశకంలో అక్కడ 7,653 మందిని పరీక్షిస్తే 3,402 మందిలో సిలికోసిస్ కనబడింది. ధూళిరోగం లెక్కకెక్కింది, కాలక్రమాన చట్టపు జాబితాకూ ఎక్కింది. అదే డ్రిల్లు, అదే కార్మికుడు. ఊపిరితిత్తులను ఎక్స్‌రే తీశారు. చేతులను ఎవరూ అడగలేదు.

1980లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తివ్యాధుల జాబితాను సవరించింది. శబ్దంవల్ల వచ్చే చెవుడు, కంపనంవల్ల వచ్చే జబ్బులు, అధిక వాయుపీడనంలో పనివల్ల వచ్చే జబ్బులు అన్నీ అందులో వున్నాయి. నాలుగేళ్లకు, 1984లో, మన పార్లమెంటు మన జాబితాను మార్చి రాసింది. చెవుడు చేరింది. వాయుపీడనపు జబ్బులు వున్నాయి. కంపనం మాత్రం లేదు. మంచు ప్రదేశాలలో కళ్లకు వచ్చే జబ్బు సైతం చోటు సంపాదించుకున్న జాబితాలో, దేశమంతటా రాయి కొట్టే చేతికి చోటు దొరకలేదు. ఎముకలు కొరికే చలి మీద లేని అనుమానం, డ్రిల్లు అదురు మీద ఎందుకు వచ్చింది? నా జవాబు వొక్కటే: ఆ డ్రిల్లు పట్టేవాడు ఎక్కువగా కంట్రాక్టరు కింద, మేస్త్రి కింద, మస్టరులో పేరుకూడా సరిగా లేని కూలి. అతని తరఫున జాబితా తయారయ్యే బల్ల దగ్గర కూర్చున్న సంఘం లేదు.

దీనికి తోడు మరొక చిక్కున్నది. మన ఎండలలో వేలు తెల్లబడడం అరుదు. ఉష్ణదేశాలలో జరిపిన పరిశీలనలలో కనబడేది ముఖ్యంగా తిమ్మిరి, స్పర్శలేమి, పట్టు తగ్గడం. ‘తెల్ల వేలు’ను ఏకైక సాక్ష్యంగా అడిగితే, వేసవిలో నలభై డిగ్రీలు దాటే తిరువూరు కార్మికుడు తన జబ్బును ఎన్నటికీ రుజువు చేయలేడు. చలిదేశపు గుర్తును వేడిదేశపు రోగికి కొలబద్దగా పెట్టడం శాస్త్రం కాదు.

అయితే దారి పూర్తిగా మూసుకుపోయిందా? లేదు. చట్టపు పట్టికలో బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, వొక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం సంపాదనాశక్తి నష్టమని లెక్క రాసివున్నది. పట్టికలో లేని గాయానికి మాత్రం నష్టమెంతో వైద్యుడు నిర్ణయించాలి. ఇక్కడ 1975లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మనకు ఆధారం. 1936 దాకా మన విశాఖ జిల్లాలో భాగమైన కోరాపుట్ ప్రాంతంలోని జయపురంలో, సినిమాహాలు పనిచేస్తూ పడి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసు అది. వొంటిచేత్తో వడ్రంగం చేయలేడు కనుక అతని నష్టం సంపూర్ణమని కోర్టు అంగీకరించింది. అనగా చేతి విలువను కొలవవలసింది తెగిన ముక్క పొడవుతో కాదు, ఆ చెయ్యి చేసే పనితో. పట్టు లేని చెయ్యి డ్రిల్లు పట్టలేదు. ఈ సూత్రాన్ని మొద్దుబారిన వేళ్లకు అన్వయించమని అడగడానికి మనకు హక్కున్నది.

1923 చట్టం స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. పేరు మారింది, కంపనానికి జాబితాలో చోటు మాత్రం రాలేదు. కనుక పోరాటం రెండువైపులా సాగాలి. జాబితాలో చేర్చమన్న డిమాండు వొకటి. అంతవరకు ప్రతి కేసుకూ సాక్ష్యం కూర్చుకోవడం రెండవది: ఏ పనిముట్టు, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్లు, ఎవరి కింద, తిమ్మిరి మొదలైన నెల, వైద్యుడు రాసిన కాగితం, పక్కన పనిచేసినవారి మాట. కంట్రాక్టరు తప్పించుకుంటే పని అప్పగించిన అసలు యజమాని జవాబుదారీ అన్న సూత్రం పాత చట్టంలోనే వున్నది. పని ఎక్కడ చేసినా తన నివాసప్రాంతపు అధికారి దగ్గరే దరఖాస్తు పెట్టుకునే వీలు 1995 సవరణతో వచ్చింది. ఆలస్యం కార్మికుడికే నష్టం. పాత చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లే.

ఈ పని లాయర్లకే వదిలేయదగినది కాదు. బెడ్‌ఫర్డ్‌లో డాక్టరుకు ముందు కార్మికులే మాట్లాడారు. ఆ మాటను లెక్కగా మార్చినది చదువుకున్న వొక మనిషి. మన కళాశాలల విద్యార్థులు, మన ఉపాధ్యాయులు సెలవుదినాలలో వొక నోటుపుస్తకం పట్టుకొని క్వారీ కూలీల బస్తీకి వెళ్లి, ‘మీ వేళ్లకు వేడి తెలుస్తున్నదా?’ అని అడిగితే చాలు. ఆ ప్రశ్నను ఇంతవరకు ఏ ప్రభుత్వమూ వారిని అడగలేదు. వందమంది జవాబులు వొకచోట చేరిననాడు, అది వ్యక్తి బాధ కాక వర్గపు సాక్ష్యమవుతుంది. జబ్బు జాబితాకెక్కేది వొంట్లో పుట్టిన రోజున కాదు, సంఘటితమై నోరు విప్పిన రోజున.