చిగురుపన్ను నుండి సారా నిషేధం వరకు: విశాఖ మన్యంలో మద్యంపై నిర్ణయాధికారం

వ్యాససంగ్రహం

ప్రాంతీయ చరిత్రను ఆధారంగా చేసుకొని నడిచే చిన్న విస్కీ డిస్టిలరీలు నేడు పలు దేశాలలో సందర్శనస్థలాలుగా మారాయి. విశాఖ మన్యానికి కూడా స్థానిక మద్యసంప్రదాయం ఉంది. అయితే ఇక్కడ అది పన్నుగా, తిరుగుబాటుగా, నేరంగా, నిషేధంగా మాత్రమే చరిత్రకెక్కింది. ఈ భేదం పానీయాన్ని బట్టి ఏర్పడినది కాదని, దానిని తయారుచేసే హక్కు, కాదనే హక్కు ఎవరి చేతిలో ఉన్నాయన్న దానిని బట్టి ఏర్పడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆబ్కారీ, చిగురుపన్ను, రంప తిరుగుబాటు, జీలుగుకల్లు, ఇప్పసారా, గ్రామసభ.

1. ఉపోద్ఘాతం

స్కాట్లాండ్‌లోని గ్లెన్‌లివెట్ లోయలో ఒకప్పుడు రహస్యంగా బట్టీలు నడిచేవి. 1823లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ఎక్సైజ్ చట్టం సుంకాన్ని తగ్గించి, పది పౌండ్ల రుసుముతో లైసెన్సు పొందే అవకాశం కల్పించింది. 1824లో జార్జ్ స్మిత్ అనే రైతు ఆ లైసెన్సు తీసుకున్నాడు. నేటి సందర్శకులకు అక్కడ వినిపించే కథలో ఆనాటి దొంగసారా కూడా గర్వకారణమే. అమెరికాలోనూ ఇటువంటి పరిణామమే కనిపిస్తుంది. 1791లో విస్కీపై విధించిన పన్నును ఎదిరించి పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు 1794లో తిరగబడ్డారు. అధ్యక్షుడు వాషింగ్టన్ సైన్యాన్ని నడిపించి ఆ తిరుగుబాటును అణచాడు. 1802లో ఆ పన్ను రద్దయింది. ఆ తిరుగుబాటులో రాజద్రోహనేరం రుజువై, తరువాత క్షమాభిక్ష పొందిన ఫిలిప్ విగిల్ పేరునే నేడు పిట్స్‌బర్గ్‌లోని ఒక చిన్న డిస్టిలరీ ధరించింది.

ఈ రెండు ఉదాహరణలలోనూ రాజ్యం పన్ను వేసింది, ప్రజలు ధిక్కరించారు, కాలక్రమంలో ఆ ధిక్కారం వారసత్వంగా మారింది. విశాఖపట్నానికి ఎగువన ఉన్న తూర్పు కనుమలలో మొదటి రెండు దశలూ ఉన్నాయి. మూడవది లేదు. ఎందుకు లేదన్నదే ఇక్కడి ప్రశ్న.

2. మన్యపు పానీయాలు

మన్యంలో ప్రధానంగా రెండు రకాల మత్తుపానీయాలు ఉన్నాయి. జీలుగుచెట్టు గెలను గీయగా కారే రసం గాలిలోని ఈస్టు వలన కొన్ని గంటలలోనే పులిసి కల్లవుతుంది. దీనికి బట్టీ అవసరం లేదు. ఇప్పసారా తయారీ భిన్నమైనది. వేసవి ఆరంభంలో తెల్లవారుజామున రాలిన ఇప్పపూలను ఏరి, ఎండబెట్టి, నీటిలో నానబెట్టి, కొన్ని రోజులు పులియబెడతారు. ఆ పులుపును కుండలో కాచగా వచ్చే ఆవిరిని చల్లబరచి సారాగా పడతారు. సూత్రరీత్యా స్కాట్లాండ్ రాగిబట్టీ చేసే పని కూడా ఇదే. అక్కడి ముడిసరుకు మొలకెత్తించిన బార్లీ, ఇక్కడిది అడవిపువ్వు.

కొండరెడ్లు, కోయలు, బగతలు, కొండదొరలు మొదలైన తెగల జీవితంలో ఈ పానీయాలు వినోదానికి మాత్రమే పరిమితమైనవి కావు. పండుగలోనూ పెళ్ళిలోనూ చావులోనూ వీటికి స్థానం ఉంది. ధాన్యం నిండుకునే నెలలలో జీలుగుకల్లు కొంతమేరకు ఆహారం కూడా. అందువలన కల్లుపై పన్ను అంటే విలాసంపై పన్ను కాదు. అది ఇంటి అవసరంపై, ఆచారంపై పడిన పన్ను.

3. పన్ను, గుత్త, తిరుగుబాటు

రంప ప్రాంతం ఆనాడు గోదావరి జిల్లాలోనిది. దానికి ఆనుకొని ఉన్న గొలుగొండ కొండలు విశాఖపట్నం జిల్లాలోనివి. పాలన విషయంలో సరిహద్దు ఉన్నా, కొండజనం జీవితంలో ఈ రెండూ ఒకే మన్యం. రంపలో గ్రామసముదాయాలైన ముఠాలపై ముఠాదారులకు, వారిపై మున్సబుదారుకు అధికారం ఉండేది. మున్సబుదారు కల్లుగీతపై వసూలుచేసిన పన్నే చిగురుపన్ను. అది క్రమంగా భారమైంది.

1870ల చివర ఆబ్కారీ నిబంధనలు మారాయి. అనుమతి లేకుండా సొంత వాడకానికి కల్లు గీయడం కూడా నేరమైంది. కల్లుపై ఆదాయాన్ని గుత్తకు ఇచ్చారు. గుత్తేదారులు తమ మనుషులతో వసూళ్ళు సాగించారు. మున్సబుదారు చిగురుపన్నును వదులుకోలేదు. ఈ విధంగా ఒకే చెట్టుపై రెండు అధికారాలు వాలాయి. దీనికి మైదానపు వర్తకుల అప్పులు, కోర్టు డిక్రీల పేరిట జరిగిన జప్తులు, పోలీసుల దౌర్జన్యాలు తోడయ్యాయి. 1879 మార్చిలో తిరుగుబాటు మొదలైంది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, పులిగంటి సాంబయ్య, అంబుల్‌రెడ్డి ముఖ్య నాయకులు. కొద్దికాలంలోనే అది గొలుగొండకు, భద్రాచలం తాలూకాలోని రేకపల్లెకు వ్యాపించింది. దానిని అణచడానికి మద్రాసు పదాతిదళానికి చెందిన ఆరు రెజిమెంట్లు కావలసివచ్చాయి. 1880లో చంద్రయ్య మరణించాడు. ఆ ఏడాది చివరికి తిరుగుబాటు ముగిసింది.

కారణాలపై విచారణ జరిపిన రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివాన్ మున్సబుదారు దుష్పాలనను, ఆబ్కారీ గుత్తను ఎత్తిచూపాడు. ప్రభుత్వం మున్సబుదారును తొలగించి, ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. చిగురుపన్నును రద్దుచేసి, ఇంటి అవసరానికి కల్లు తీసుకునే వీలు కల్పించింది. ఈ ఫలితాన్ని స్కాట్లాండ్ చట్టంతో పోల్చి చూడాలి. అక్కడ ధిక్కరించిన రైతుకు లైసెన్సు అందింది. అతడు ఉత్పత్తిదారుగా చట్టంలోకి ప్రవేశించాడు. ఇక్కడ కొండరెడ్డికి దక్కినది మినహాయింపు మాత్రమే. మినహాయింపు ప్రభుత్వం దయతో ఇచ్చేది, లైసెన్సు చట్టం గుర్తించేది. మినహాయింపు పొందినవాడు సొంతానికి తాగవచ్చు గాని, తన పేరు చెప్పుకొని అమ్మలేడు. మన్యపు పానీయం ప్రాంతీయ ఉత్పత్తిగా ఎదగకపోవడానికి పునాది ఈ తేడాలోనే ఉంది.

4. బట్టీ నుండి కర్మాగారానికి

1886 మద్రాసు ఆబ్కారీ చట్టం మద్యంపై ప్రభుత్వ నియంత్రణను మరింత బిగించింది. మైదానాలలో విడివిడి బట్టీల స్థానంలో పెద్ద డిస్టిలరీల సరఫరా పద్ధతి బలపడింది. సామర్లకోటలో వెలసిన కంపెనీకి దక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ అన్న పేరే ఉండటం గమనార్హం. చక్కెర, సారా, ప్రభుత్వాదాయం ఆ ఒక్క పేరులో కలిశాయి. ముడిసరుకు అడవిపువ్వు నుండి చక్కెర పరిశ్రమకు మారింది.

ఈ మార్పు నేటికీ కొనసాగుతున్నది. 1933లో నౌకాశ్రయం ప్రారంభమై, తరువాత ఉక్కుకర్మాగారంతో విస్తరించిన విశాఖపట్నంలోనూ, దేశంలో ఇతరచోట్లా, విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో అధికభాగం మొలాసిస్ స్పిరిట్‌కు కొంత మాల్టు కలిపి తయారుచేసినదే. పేరు స్కాట్లాండ్‌ది, ముడిసరుకు చెరకుది. నగరానికి ఎగువనే ఉన్న ఇప్పచెట్టుకు అందులో చోటులేదు. చట్టం దృష్టిలో ఇప్పసారా కాచేవాడు నేరస్థుడు, కర్మాగారపు సరుకు అమ్మేవాడు లైసెన్సుదారు.

5. నిరాకరణ చరిత్ర

ఇంతవరకు చెప్పిన దానినిబట్టి గిరిజన మద్యాన్ని వారసత్వంగా ప్రకటిస్తే సమస్య తీరుతుందని అనిపించవచ్చు. కాని ఈ ప్రాంతచరిత్రకు రెండవ పార్శ్వం ఉంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసిన అల్లూరి సీతారామరాజు, అంతకుముందు గిరిజనులకు బోధించిన విషయాలలో మద్యపానం మానడం ఒకటి. తగవులను కోర్టులకు తీసుకుపోక పంచాయతీలలో తీర్చుకోవాలన్నది మరొకటి. ఈ రెండింటినీ కలిపి చదవాలి. సారా మానడం, కోర్టు మానడం రెండూ వలస ప్రభుత్వపు పట్టునుండి బయటపడే మార్గాలే. 1879లో తాగే హక్కుకోసం లేచిన మన్యం నాలుగు దశాబ్దాల తరువాత తాగకపోవడాన్ని ఆయుధంగా చేసుకున్నది. ఇందులో వైరుధ్యం లేదు. రెండుసార్లూ వారు వ్యతిరేకించినది తమ బదులు వేరొకరు నిర్ణయించడాన్నే.

తరువాతి ఆంధ్ర రాజకీయాలలోనూ మద్యం నిర్ణాయకాంశమే. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం విషయంలోనే అవిశ్వాస తీర్మానంలో ఓడి పడిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు ప్రారంభించిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి సారా అమ్మకం నిలిచింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలింది. దూబగుంట స్త్రీలు ఎదిరించినది కూడా గుత్తేదారు సారానే. కూలి డబ్బు ఇంటికి చేరకముందే సారాదుకాణానికి చేరడం వారి కోపానికి మూలం. వారసత్వం పేరిట జరిగే ఏ ప్రయత్నమైనా ఈ స్త్రీల అనుభవాన్ని పక్కనపెడితే అసంపూర్ణమే అవుతుంది.

6. ముగింపు

గోవా జీడిఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యంగా పరిగణిస్తూ విధానం రూపొందించింది. అటువంటి ఆలోచన రేపు విశాఖ మన్యంలోనూ రావచ్చు. అప్పుడు సీసాపై రంప తిరుగుబాటు బొమ్మ వేయడం సులభమే. ఆ సీసా లైసెన్సు ఎవరి పేరిట ఉంటుందన్నది మాత్రం 1879 నాటి ప్రశ్నే. పువ్వు ఏరే స్త్రీ కూలిగాను, పెట్టుబడిదారు ఉత్పత్తిదారుగాను మిగిలితే, అది గుత్త పద్ధతికి కొత్త పేరు మాత్రమే.

దీనికి అవసరమైన చట్టబద్ధమైన ఆధారం ఇప్పటికే ఉంది. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 చట్టం, మత్తుపదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే లేదా నిషేధించే అధికారం గ్రామసభలకు, పంచాయతీలకు ఉండాలని నిర్దేశిస్తుంది. తమ్మన్నదొర అనుచరులు కోరిన హక్కు, సీతారామరాజు బోధించిన నిరాకరణ, దూబగుంట స్త్రీలు సాధించిన నిషేధం అనే మూడింటికీ చోటివ్వగల వేదిక గ్రామసభే. మన్యపు మద్యచరిత్రలో కాపాడుకోవలసిన వారసత్వం సారా కాదు, దానిని గురించి తామే నిర్ణయించుకోవాలన్న పట్టుదల. ఆ నిర్ణయం ఊరి చేతిలో ఉన్నప్పుడు ఇప్పసారా బట్టీ వెలిగినా, ఆరిపోయినా అది ఆ ప్రాంతచరిత్రకు న్యాయమైన కొనసాగింపే అవుతుంది.