తిరిగే కొయ్యకి తగిన ఉలి

కొయ్య రెండు రకాలుగా బొమ్మవుతుంది. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర బుద్ధిగా కూచుంటుంది, ఉలి దాని చుట్టూ తిరుగుతుంది. ఏటికొప్పాకలో అంకుడుకర్ర తిరుగుతుంది, ఉలి కాచుకుని కూచుంటుంది. మన ఆడపిల్లలు వంటాటలు ఆడుకున్న లక్కపిడతలు ఈ రెండో కోవలోవి. కర్రని అలా తిప్పే సాధనానికి పాతవాళ్ళు పెట్టుకున్న పేరు తరిమెన. లేత్ అన్న మాట వచ్చాక పాపం అది నిఘంటువులో పడుకుంది.

ఇప్పుడు సరదాకి లేత్ కొనుక్కునేవాళ్ళు కూడా తయారయ్యారు. యంత్రం బేరం కుదిరీ కుదరగానే కొట్టువాడు ఇంకో పెట్టె తెరుస్తాడు. అరడజనో ఎనిమిదో ఉలులు, నున్నటి పిడులు, ఒక్కొక్కటీ ఒక్కో వంపు. పెట్టె అంతా కొనాలా, రెండు చాలా? ఏ ఉక్కు మంచిది? ఈ విషయంలో కొట్టువాడి మాటకంటే చరిత్ర మాట వినడం లాభం. ఎందుకంటే ఉలిని ఎన్నుకున్నది ఎప్పుడూ మనిషి కాదు, కర్ర తిరిగే తీరు.

ఈజిప్టులో పెటోసిరిస్ అనే పూజారి సమాధి ఉంది. క్రీస్తుకి పూర్వం 300 ప్రాంతంలోది. దాని గోడ మీద ఇద్దరు మనుషులు. ఒకడు పట్టీ లాగి కర్రని తిప్పుతున్నాడు, రెండోవాడు ఉలి పట్టాడు. కవ్వానికి తాడు చుట్టి మజ్జిగ చిలికిన ఇళ్ళవాళ్ళకి ఆ తిరుగుడు వేరే వర్ణించక్కర్లేదు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఇటు తిరిగినప్పుడే కర్ర తెగుతుంది. అటు తిరిగేటప్పుడు ఉలిని కాస్త వెనక్కి తీసుకోవాలి. సగం శ్రమ గాలికి పోయినట్టే. మన దేశంలో విల్లుతో తిప్పే పనివాడు రెండో మనిషిని కూడా పెట్టుకోలేదు. నేలమీద చతికిలబడి ఒక చేత్తో విల్లు లాగుతూ, రెండో చేత్తోనూ కాలివేళ్ళతోనూ ఉలిని పట్టాడు. ఇంగ్లండులో హైవికూం చుట్టుపక్కల బీచ్ అడవుల్లో కుర్చీకాళ్ళు చేసేవాళ్ళు వంగే కొమ్మకి తాడు కట్టి, కాలితో తొక్కి తిప్పారు. 20వ శతాబ్దం మధ్యదాకా ఆ పని సాగింది. వాళ్ళు వాడింది పచ్చికర్ర, నెమ్మదైన తిరుగుడు. అంచేత మామూలు ఉక్కు ఉలులు, అవీ కొద్దిపాటివి, సరిపోయాయి.

ఈ విద్య మీద మొదటి పెద్ద పుస్తకం 1701లో ఫ్రాన్సులో లియోన్ నగరంలో అచ్చయింది. రాసినాయన షార్ల్ ప్లూమియే, సన్యాసి, పైగా మొక్కల శాస్త్రవేత్త. మన గుళ్ళ దగ్గర పూసే దేవగన్నేరుకి శాస్త్రజ్ఞులు ప్లుమేరియా అని పేరు పెట్టింది ఈయన జ్ఞాపకార్థమే. తమాషా ఏమిటంటే మన అంకుడుచెట్టు కూడా ఆ గన్నేరు కుటుంబంలోదే.

ఆవిరి, తర్వాత కరెంటు వచ్చి కర్ర ఆగకుండా ఒకేవైపు వేగంగా తిరగడం మొదలెట్టాక అసలు చిక్కు వచ్చింది. అది వేడి. మామూలు ఉక్కు ఉలిని కరెంటు సానరాయి మీద ఏమరుపాటుగా పట్టారా, అంచు నీలంగా మారుతుంది. నీలమెక్కిందంటే పదును నిలవదు, మెత్తబడిందన్నమాట.

ఇక్కడ మన ప్రస్తావన రాకతప్పదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకప్పుడు మూసల్లో ఉక్కు వండిన ఊరు. హెన్రీ వాయ్సీ అక్కడి పద్ధతి వర్ణిస్తూ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. దక్షిణదేశపు ఆ ఉక్కునే ఇంగ్లీషువాళ్ళు ఊట్జ్ అన్నారు. మన 'ఉక్కు' అలా మారిందని చాలామంది అభిప్రాయం. దాని గుట్టు తెలుసుకుందామని లండనులో మైకేల్ ఫారడే, కత్తులు చేసే జేమ్స్ స్టోడార్టుతో కలిసి 1819 నుంచి ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశాడు. గుట్టు చిక్కలేదు గాని, ఉక్కులో వేరే లోహం కలపడమనే ఆలోచన నిలబడింది. 1868లో రాబర్ట్ ముషెట్ టంగ్‌స్టన్ కలిపాడు. 1900 పారిస్ ప్రదర్శనలో అమెరికన్లు టేలర్, వైట్ తమ పనిముట్టు మొన ఎర్రబడుతున్నా ఇనుమును కోసుకుపోవడం చూపించి జనాన్ని నోరెళ్ళబెట్టించారు. పెట్టె మీద 'హెచ్.ఎస్.ఎస్.' అని కనిపించేది ఆ వంశమే. ఇనుము కోసే ఫ్యాక్టరీల కోసం పుట్టిన ఉక్కు కొయ్య ఉలుల్లోకి దిగడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

అంచేత కరెంటు లేత్ ఉన్నవాళ్ళు ఆ ఉక్కే కొనుక్కోవాలి. కాలితో తొక్కేవాళ్ళకి ఆ ఖర్చు దండగ.

ఎన్ని కొనాలన్నది ఏం చేస్తారన్నదాన్నిబట్టి. మంచంకోడు, అప్పడాలకర్ర, బొంగరం లాంటివైతే నాలుగు చాలు. మొరటుగా గుండ్రం చేసేందుకు వెడల్పాటి దోనె ఉలి, మెలికలకి సన్నటి దోనె ఉలి, నున్నన చేసేందుకు ఏటవాలు ఉలి, చివర తెగ్గొట్టేందుకు సన్నటి ఉలి. గిన్నె చేయాలంటే లెక్క మారుతుంది. గిన్నెలో కర్ర ఈనె అడ్డంగా ఉంటుంది గనక ప్రతి చుట్టులోనూ రెండుసార్లు ఎదురు తిరుగుతుంది. గుండ్రటి కడ్డీని తొలిచి చేసిన లోతైన ఉలే దానికి తట్టుకుంటుంది. మొరటుపని ఉలి పెద్దది కదా అని గిన్నెలో దింపారో, పిడిలోకి దిగే సన్నటి తోక దగ్గర విరుగుతుంది. పాత ఆకురాయిని అరగదీసి ఉలి చేసుకునే పొదుపరులు కూడా ఉన్నారు. ఆకురాయి గట్టిదే గాని పెళుసు. వేగంగా తిరిగే కర్ర దాన్ని పట్టి లాగితే ముక్క ఎగిరేది మొహం మీదికే.

నన్నడిగితే పెట్టె వద్దు. ఆ మిగిలిన డబ్బు మంచి సానరాయికి పెట్టండి. జపానులో కొయ్యగిన్నెలు చేసే కిజిషీలు కొట్టుకే వెళ్ళరు. తమ ఉలులు తామే కొలిమిలో సాగగొట్టుకుంటారు, కావలసిన వంపు కావలసినప్పుడు.

ఏటికొప్పాక పనివాడికి ఉలి నున్నన రావడం మరీ ముఖ్యం. లక్క గరుకుని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మలకి రంగు పూసే తీరు చూడండి. పసుపుతోనో జాఫ్రాగింజతోనో రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే బొమ్మకి ఆనిస్తారు. ఉలి పదును తీసేసే ఆ ఒరిపిడి వేడే ఇక్కడ లక్కని కరిగించి కొయ్యకి పట్టిస్తుంది. ఆ తర్వాత మొగలిఆకు అదిమి పట్టుకుంటే మెరుపు వస్తుంది.