కథలో ముడి, కథలో విప్పు



కథ వినువాడు “తరువాత ఏమాయెను?” అని తనంతట తానడుగునంతవఱకే కథ బ్రతికియుండును. ఆ ప్రశ్న అణగినపిమ్మట ఎంత గొప్ప నీతియైనను చెవిని సోకి జారిపోవును. ఆ ప్రశ్నను నిలుపు నేర్పు మన భాషలో ఎట్లు పెరిగినదో మూడు రచనలను బట్టి మనవిచేసెదను.

పురాణకథను తెనిగించు కవికి ఒక చిక్కు గలదు. రాముడు సేతువు కట్టునని శ్రోత ముందే యెఱుగును. కావున కవి వర్ణనను, రసమును నమ్ముకొనవలసినదే. 16వ శతాబ్దమున పింగళి సూరన కళాపూర్ణోదయమునకు కథను తానే కల్పించుకొనెను. ఎనిమిది యాశ్వాసముల యా కావ్యము నడుమనుండి మొదలగును. కలభాషిణియు, నారదశిష్యుడగు మణికంధరుడును మొదట మనకు కనబడుదురు. వారే మఱుజన్మమున మధురలాలసయు, కళాపూర్ణుడును. ఈ ముడి ఎందులకు పడినదో చాలదూరము పోయినగాని తెలియదు. తెలిసినపుడు వెనుక విన్న చిన్నమాటలకు సైతము క్రొత్త యర్థము తోచును. దాచుట వేఱు, మోసగించుట వేఱు. సూరన దాచినదంతయు తుదకు శ్రోత చేతిలో పెట్టెను. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వవిచారమున ఈ కావ్యమునే విమర్శకు గైకొనిరి.

అయితే సూరన కథకు గంధర్వులును, సిద్ధులును, శాపములును కావలసివచ్చెను. అద్భుతము లేకుండ మనసును పట్టియుంచుట సాధ్యమా? ఈ ప్రశ్నకు కందుకూరి వీరేశలింగముగారు రాజశేఖరచరిత్రముతో సమాధానము చెప్పిరి. 1878లో ప్రకటింపనారంభించిన యీ గ్రంథమునకు గోల్డ్‌స్మిత్ వ్రాసిన ఆంగ్లనవల ప్రేరణము. కాని ఊరు మన ధవళేశ్వరము, నది మన గోదావరి. ముఖస్తుతులకు లొంగిన రాజశేఖరుడు, బంగారము చేసి యిచ్చెదనన్న బైరాగిని నమ్మి ఉన్న సొమ్మును పోగొట్టుకొనును. “మన యింటికిని ఇట్టి ముప్పు రావచ్చును గదా” యను జంకే ఇచ్చట చదువరిని ముందుకు నడుపును. సంస్కరణాభిలాషచేత ఆయన నడుమనడుమ బోధకు దిగుటయు, అచ్చట కథ నడక మందగించుటయు నిజమే.

ఆ కొఱతను గురజాడ అప్పారావుగారు తీర్చిరి. 1902లోనే భండారు అచ్చమాంబగారు ధనత్రయోదశి యను చిన్నకథను వ్రాసియుండిరి. 1910లో ఆంధ్రభారతియందు గురజాడవారి దిద్దుబాటు వెలువడెను. వేశ్యల పాట విని అర్ధరాత్రము దాటి యిల్లు చేరిన గోపాలరావునకు భార్య కమలిని కనబడదు. ఆమె విడిచిన యుత్తరము మాత్రము దొరకును. అతడు కలతపడును, పశ్చాత్తాపపడును. తుదకు మంచముక్రిందనుండి నవ్వు వినబడును. భర్త తప్పు చేసెనని కథకుడు మనకు ఉపన్యసింపనక్కఱలేదు. చీకటియిల్లే అతనికి బుద్ధి చెప్పినది. తీర్పు మన నోటనే పలికినది. కొన్ని పుటలలోనే ముడియు పడినది, విప్పును జరిగినది.

ఈ మూడింటివలన తెలియునదేమి? తెలియవలసినదానిని తగుసమయము వచ్చువఱకు ఆపుట సూరన విద్య. ఎఱిగిన ఊరిని, ఎఱిగిన మనుష్యులను కథలో నిలుపుట వీరేశలింగముగారి విద్య. నీతిని నోట పలుకక జరిగినదానిచేతనే పలికించుట గురజాడవారి విద్య.

సందెవేళ మనుమలను చుట్టును కూర్చుండబెట్టుకొని కథ చెప్పు మీకిది పనికిరాని శాస్త్రము గాదు. “అబద్ధమాడరాదు, వినుడు” అని మొదలిడినచో పిల్లవాడు ఆవులించును. అబద్ధమాడినవాని గుట్టు రేపు బయటపడునను ఘట్టమున ఒక్క నిమిషము ఊరకుండుడు. “తాతా, వాడు దొరికిపోయెనా?” అని వాడే అడుగును. కథ ముగిసినపిదప నీతి ఏదియో మీరు చెప్పకుడు, వానినే అడుగుడు. తాను కనుగొన్న నీతిని బాలుడు విడువడు.