పుప్పొడి అలర్జీకి ముక్కు స్ప్రేలు: క్లినికల్ ట్రయల్స్ చరిత్ర

గడ్డి, చెట్లు, కలుపు మొక్కల పుప్పొడి గాలిలో ఎగిరే రోజుల్లో వచ్చే ముక్కు అలర్జీని వైద్యులు సీజనల్ అలర్జిక్ రైనైటిస్ అంటారు. హే ఫీవర్ అన్నది పాత పేరు. ఈ జబ్బు ప్రాణం తీయదు, నిద్రనూ పనినీ మాత్రం పాడుచేస్తుంది. దీనికి ముక్కులో కొట్టుకునే మందులను పరీక్షించడం చూడడానికి తేలికే గాని నిజానికి చాలా చిక్కుల పని. రక్తపోటును కొలిచినట్టు తుమ్ముల బాధను కొలిచే యంత్రం లేదు, రోగి చెప్పిందే లెక్క. పుప్పొడి ఒక వారం చెలరేగి మరో వారం వాన దెబ్బకు అణిగిపోతుంది. ఉత్త ఉప్పునీళ్లు కొట్టినా ముక్కు కాస్త తేలికపడుతుంది. మందు చేసిన మేలెంత, కాలం మారడం వల్ల కలిగినదెంత, ఆ తడి వల్ల కలిగినదెంత అని విడదీయడం నేర్చుకోవడమే ఈ ట్రయల్స్ చరిత్రలో ముఖ్యభాగం.

ఏటా వేసవిలో తనను పట్టి పీడించే తుమ్ములు, కళ్ల మంటల గురించి 1819లో లండన్ వైద్యుడు జాన్ బోస్టాక్ చదివిన పత్రంతో ఈ జబ్బు వైద్య సాహిత్యానికెక్కింది. కారణం ఎండ వేడి అని కొందరు, ఎండుగడ్డి వాసన అని కొందరు వాదించుకుంటుండగా, మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ తన ముక్కులోనే పుప్పొడి వేసుకుని చూశాడు. జిగురు పూసిన గాజు పలకలను గాలిపటాలకు కట్టి ఎగరేసి పైగాలిలోని పుప్పొడిని లెక్కపెట్టాడు. ఆ లెక్కను తన బాధతో పోల్చి 1873లో పుస్తకం వేశాడు. ఒకే ఒక్క రోగి, ఆ రోగే వైద్యుడు; నేటి కొలతలో అది ట్రయల్ కాదు. అయినా పుప్పొడి లెక్కనూ రోగి బాధనూ పక్కపక్కన పెట్టి చూడాలన్న పద్ధతి ఆయనదే. ఆ తర్వాత వచ్చిన మందులకు ఆ పాటి క్రమశిక్షణ కూడా లేకపోయింది. 19వ శతాబ్దం చివర కొకెయిన్‌ను ముక్కులోకి కొట్టారు. 20వ శతాబ్దం మొదట్లో హాంబర్గ్‌లో విల్యం డన్‌బార్ గుర్రాలకు పుప్పొడి ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసిన సీరానికి పొలాంటిన్ అని పేరు పెట్టి కళ్లలో, ముక్కులో వాడించాడు. గుణం కనిపించిందన్న వైద్యుల మాటలే వీటికి ఆధారం.

ఎవరికి ఏ మందు అందాలో చీట్లతో తేల్చి, పోల్చి చూసే పద్ధతి అలర్జీ వైద్యంలోకి ఇంజెక్షన్ల దారిన వచ్చింది. 1954లో లండన్‌లో విల్యం ఫ్రాంక్‌లాండ్, రోజా ఆగస్టిన్ 200 మంది రోగులపై గడ్డి పుప్పొడి ఇంజెక్షన్లు పరీక్షించి లాన్సెట్‌లో ప్రచురించారు. స్ప్రేలకు ఆ కట్టుబాటు రావడానికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది.

ఆ రెండు దశాబ్దాల నడుమే స్టెరాయిడ్లు వచ్చాయి. కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మహిమ చూసిన వైద్యులు ముక్కు అలర్జీకీ దాన్ని ఆశించడం సహజం. 1960లలో డెక్సామెథసోన్ స్ప్రే బాగానే పనిచేసింది, కాని మందు రక్తంలో కలిసి ఎడ్రినల్ గ్రంథులను అణచివేసింది. తుమ్ములు ఆపడానికి అది చాలా పెద్ద మూల్యం. ఇంతలో బ్రిటన్‌లో రోజర్ ఆల్టున్యాన్ అనే ఆస్తమా రోగి అయిన డాక్టరు, గినీ పందుల నుంచి తీసిన అలర్జీ పదార్థాన్ని తానే పీల్చి ఉబ్బసం తెచ్చుకుంటూ, ఒకదాని తర్వాత ఒకటిగా రసాయనాలను తనమీదే పరీక్షించుకున్నాడు. అలా 1965లో దొరికిన సోడియం క్రోమోగ్లైకేట్ తర్వాత ముక్కు స్ప్రేగా కూడా వచ్చింది. నిరపాయకరమైన మందే, కాని రోజుకు నాలుగైదుసార్లు కొట్టుకోవాలి. ట్రయల్‌లో రోగులు ఓపిగ్గా వాడతారు. ఇంటిదగ్గర ఎవరు వాడతారు?

మలుపు 1973లో వచ్చింది. డెన్మార్క్‌కు చెందిన నీల్స్ మైగిండ్ బెక్లోమెథసోన్ స్ప్రేను హే ఫీవర్ రోగులపై ఉత్తుత్తి మందుతో పోల్చి చూసి ఫలితాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించాడు. ముక్కులో పనిచేసి, ఒంట్లోకి పెద్దగా వెళ్లని స్టెరాయిడ్ సాధ్యమేనని తేలింది. ఫ్లునిసోలైడ్, బుడెసొనైడ్, ఫ్లుటికసోన్, మొమెటసోన్ అన్నీ ఆ బాటలో వచ్చినవే. తొలి స్ప్రేలు క్లోరోఫ్లోరోకార్బన్ వాయువుతో చిమ్మేవి. తరవాత నీటిలో కలిపిన మందును చిమ్మే పంపులు వాటి చోటు తీసుకున్నాయి.

మందులు పెరిగేకొద్దీ కొలమానం మీద పట్టు బిగిసింది. ముక్కు కారడం, దిబ్బడ, దురద, తుమ్ములు అనే నాలుగు లక్షణాలకు రోగి తానే సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోవాలి, మొత్తం పన్నెండు. గడిచిన పన్నెండు గంటల బాధకు ఒక లెక్క, ఆ క్షణంలో ఉన్న బాధకు మరో లెక్క. ముందు కొన్ని రోజులు అందరికీ ఉత్తుత్తి స్ప్రే ఇచ్చి, అప్పటికీ బాధ తగ్గనివాళ్లనే అసలు ట్రయల్‌లోకి తీసుకుంటారు. ఆ తర్వాత రెండు వారాల పరీక్ష. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2000లో వెలువరించిన మార్గదర్శకాల ముసాయిదా ఈ పద్ధతికి రూపమిచ్చింది. 1991లో ఎలిజబెత్ జూనిపర్, గోర్డన్ గయట్ కూర్చిన 28 ప్రశ్నల పట్టిక నిద్ర, పని, చిరాకులను కూడా లెక్కలోకి తెచ్చింది. ఇక పుప్పొడి దయమీద ఆధారపడలేక, వియన్నాలోనూ కెనడాలోని కింగ్‌స్టన్‌లోనూ గదులు కట్టి, లెక్క ప్రకారం పుప్పొడి వదిలి, వలంటీర్లను గంటల తరబడి కూర్చోబెట్టారు. మందు ఎన్ని నిమిషాల్లో పట్టు చూపుతుందో తేల్చడానికి ఇంతకన్న మంచి దారి లేదు. ఎజెలాస్టిన్ అనే యాంటీహిస్టమిన్ స్ప్రే దాదాపు పావుగంటలో పని మొదలుపెడుతుందని ఇలాంటి గదుల్లోనే తెలిసింది.

1998లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష 16 ట్రయల్స్‌ను, 2267 మంది రోగులను కలిపి చూసి, ముక్కు స్టెరాయిడ్లు యాంటీహిస్టమిన్ మాత్రలకన్న మెరుగని తేల్చింది. తర్వాతి ప్రశ్న, స్టెరాయిడ్, యాంటీహిస్టమిన్ స్ప్రేలు రెండింటినీ కలిపితే ఏమవుతుంది? టెక్సస్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మౌంటెన్ సీడార్ పుప్పొడి దుమ్ములా లేస్తుంది. ఆస్టిన్ తెలుగువాళ్లకు సంక్రాంతి తుమ్ములు ఇవే. ఆ రుతువులో 151 మందిపై జరిపిన ట్రయల్ 2008లో అచ్చయింది. రెండు వారాల్లో లక్షణాల మార్కులు ఫ్లుటికసోన్‌తో 27.1 శాతం, ఎజెలాస్టిన్‌తో 24.8 శాతం, రెండూ వాడితే 37.9 శాతం తగ్గాయి. ఒకే సీసాలో రెండూ కలిపిన మందుపై 3398 మందితో జరిగిన మూడు ట్రయల్స్ ఫలితాలు 2012లో వెలువడ్డాయి, అదే ఏడు అమెరికాలో అనుమతి వచ్చింది. భారతదేశంలో సిప్లా ఇదే జోడీని అంతకు చాలా ముందే డ్యువోనేస్ పేరుతో అమ్మింది. ముంబయి కంపెనీ గ్లెన్‌మార్క్ తెచ్చిన ఒలొపటడిన్ అనే యాంటీహిస్టమిన్, మొమెటసోన్ జోడీకి ఎఫ్‌డీఏ అనుమతి 2022లో దొరికింది. ఈ ట్రయల్స్‌లో ఒక లోపం పూర్తిగా పోలేదు. ఎజెలాస్టిన్ చేదు, ఫ్లుటికసోన్ పూలవాసన తనకు అందింది ఏ మందో రోగికి గుట్టు విప్పగలవు.

రుతువు అనే మాటే అన్ని దేశాలకూ సరిపడదు. సర్కారు తుమ్మ, వయ్యారిభామ ఏడాదిలో ఎక్కువ భాగం పూసే తెలుగునాట పుప్పొడి కాలాన్ని గీత గీసి చెప్పలేం. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో వచ్చిన ఏరియా (ARIA) అనే నివేదిక, రుతువును వదిలి, బాధ ఎన్ని రోజులు ఉంటుందన్నదాన్ని బట్టి ఈ జబ్బును విభజించింది.

రెండు వారాల ట్రయల్ చెప్పలేనిది స్టెరాయిడ్ స్ప్రేలతో పిల్లల ఎదుగుదల ఏమవుతుందన్న సంగతి. బెక్లోమెథసోన్ రోజుకు రెండుసార్లు వాడిన 6 నుంచి 9 ఏళ్ల పిల్లలు ఏడాదిలో 5 సెంటీమీటర్లు ఎదిగితే, ఉత్తుత్తి స్ప్రే వాడినవాళ్లు 5.9 సెంటీమీటర్లు ఎదిగారని 2000లో పీడియాట్రిక్స్ పత్రిక ప్రచురించింది. అదే ఏడాది అదే పత్రికలో వచ్చిన మొమెటసోన్ పరీక్షలో అలాంటి తగ్గుదల కనపడలేదు. స్టెరాయిడ్ స్ప్రేను పిల్లలకు నెలల తరబడి వాడేవారు అతి తక్కువ మోతాదుతో సరిపెట్టాలి, వైద్యుడి చేత ఎత్తు కొలిపిస్తూ ఉండాలి.