స్టాలిన్ గీసిన తోడేళ్లు: మన అంబాసిడర్ ఏం చూశాడు?

ఇవాళ ఒక పెన్సిల్ గీత గురించి మాట్లాడుకుందాం.

1953 ఫిబ్రవరి 17. మాస్కో, క్రెమ్లిన్. స్టాలిన్ ఎదురుగా మన ఇండియన్ అంబాసిడర్ కె.పి.ఎస్. మేనన్ కూర్చున్నారు. కేరళలోని కొట్టాయంలో పుట్టిన ఐసీఎస్ ఆఫీసర్, స్వతంత్ర భారతానికి మొదటి విదేశాంగ కార్యదర్శి ఈయనే. ఇంకో 16 రోజుల్లో స్టాలిన్ చనిపోతాడని ఆ గదిలో ఎవరికీ తెలీదు. స్టాలిన్‌ని కలిసిన ఆఖరి విదేశీ రాయబారి మేనన్.

స్టాలిన్ ఇండియా భాషల గురించి అడిగాడు. హిందీకీ ఉర్దూకీ సంబంధం ఏంటి, అవి విడివిడిగా ఎలా పెరిగాయి అని. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. అప్పటికి దాదాపు రెండు నెలల ముందే పొట్టి శ్రీరాములు గారు చనిపోయారు. భాష పేరుతో రాష్ట్రం కావాలని మన ఊళ్లు మండుతున్న టైమ్ అది.

సరే, మేనన్ దగ్గరికి వద్దాం. ఆయన మాటలు వింటూనే స్టాలిన్ చేతిని కూడా గమనించారు. ఆ చెయ్యి పెన్సిల్ పట్టుకుని కాగితం మీద ఊరికే బొమ్మలు గీస్తోంది. తోడేళ్లు! తర్వాత స్టాలినే ఆ టాపిక్ ఎత్తాడు: రష్యన్ రైతు మామూలు మనిషే కానీ తెలివైనవాడు, తోడేలు మీదికొస్తే దానికి నీతులు చెప్తూ కూర్చోడు, చంపేస్తాడు, ఆ సంగతి తోడేలుకీ తెలుసు అని. మేనన్ ఇదంతా డైరీలో రాసుకున్నారు. 1963లో 'ది ఫ్లయింగ్ ట్రోయికా' పేరుతో పుస్తకంగా వచ్చింది.

తోడేలు అంటే ఎవరు? కొరియా యుద్ధం ఇంకా నడుస్తోంది కాబట్టి అమెరికా అనుకోవచ్చు. కానీ నెల క్రితమే, జనవరి 13న, 'ప్రావ్దా' పేపర్ పెద్ద వార్త వేసింది: పేరున్న డాక్టర్లు, ఎక్కువమంది యూదులు, సోవియట్ నాయకుల్ని చంపడానికి కుట్ర పన్నారట. పచ్చి అబద్ధం. స్టాలిన్ సొంత డాక్టర్ వినోగ్రాదోవ్ కూడా జైల్లోనే ఉన్నాడు.

ఇదే మనిషిని మేనన్ కంటే ముందు అంబాసిడర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా కలిశారు. అవును, మన ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేసిన ఆయనే. 1952లో వీడ్కోలు చెప్పడానికి వెళ్లి స్టాలిన్ చెంప తట్టారనీ, నన్ను మనిషిలా చూసింది నువ్వేనని స్టాలిన్ కరిగిపోయాడనీ ఒక కథ బాగా ప్రచారంలో ఉంది.

ఏడాది కూడా తేడా లేదు. ఒకరికి మెత్తటి ముసలాయన కనిపించాడు, ఇంకొకరికి తోడేళ్లు గీసే చెయ్యి కనిపించింది. నేనైతే మేనన్ వైపే. ఆయన స్టాలిన్ మంచోడా చెడ్డోడా అని తీర్పు ఇవ్వడం కంటే కళ్ల ముందు జరిగింది రాసుకున్నారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అది లాగ్ ఫైల్. సిస్టమ్ క్రాష్ అవ్వకముందు పడిన లైన్ కాబట్టే దానికి అంత విలువ. అలాగని ఆ బొమ్మలు స్టాలిన్ కావాలనే చూపించి ఉండొచ్చు కూడా, గెస్ట్‌ని భయపెట్టడానికి. ఆయన అంత అమాయకుడేం కాదు కదా!

మార్చి 1 రాత్రి స్టాలిన్ తన డాచాలో నేలమీద పడి ఉండగా కనిపించాడు. డాక్టర్లు వచ్చేసరికి తెల్లారింది. వాళ్లు కూడా కొత్తవాళ్లు, ఎందుకంటే ఆయన ఒంటి సంగతి బాగా తెలిసినవాళ్లు లోపల ఉన్నారు. మార్చి 5న ప్రాణం పోయింది. కేసు మొత్తం కట్టుకథేనని ఏప్రిల్ 4న అదే 'ప్రావ్దా' ఒప్పుకుంది. బతికున్న డాక్టర్లు ఇళ్లకు వెళ్లిపోయారు.