స్టీరింగు కోణ సెన్సారు - లోపనిర్ధారణ

స్టీరింగు కోణ సెన్సారు అనేది వాహనపు స్టీరింగు చక్రం ఏ వైపునకు, ఎన్ని డిగ్రీలు, ఎంత వేగంగా తిరిగినదో కొలిచి, ఆ సమాచారాన్ని వాహనంలోని కంప్యూటర్లకు అందజేసే ఎలక్ట్రానిక్ పరికరం. దీనిని తెలుగులో స్టీరింగు కోణ సంవేదకం అని చెప్పవచ్చును. వాహనం రోడ్డుపై జారి అదుపు తప్పకుండా కాపాడే ఇ.ఎస్.పి. అనే స్థిరత్వ వ్యవస్థకు ఇది ముఖ్యమైన ఆధారం. ఈ సెన్సారు నుండి తప్పు సమాచారం వచ్చినా, సమాచారమే రాకపోయినా మీటరు బోర్డుపై హెచ్చరిక దీపం వెలుగుతుంది. అయితే దీపం వెలిగిన ప్రతిసారీ సెన్సారే పాడైనదని భావించరాదు. బలహీనమైన బ్యాటరీ, వదులైన కప్లర్, ఎలుకలు కొరికిన వైరు, అలైన్‌మెంటు తరువాత సరిచేయని సున్నా స్థానం కూడా ఇదే దీపాన్ని వెలిగించగలవు. కావున ఒక క్రమం ప్రకారం పరీక్షించి అసలు కారణాన్ని తేల్చుకున్న తరువాతనే సెన్సారు మార్చడం గురించి ఆలోచించవలెను.

చరిత్ర

స్థిరత్వ వ్యవస్థను బాష్, మెర్సిడెస్-బెంజ్ సంస్థలు కలిసి అభివృద్ధి చేసి 1995లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ శ్రేణి కారులో తొలిసారిగా ప్రవేశపెట్టాయి. అప్పట్లో ఇది ఖరీదైన కార్లకే పరిమితం. 1997లో స్వీడన్‌లో జరిగిన ఒక పరీక్షలో మెర్సిడెస్ ఎ-క్లాస్ అనే చిన్న కారు బోల్తా పడినది. రోడ్డుకు అడ్డంగా వచ్చిన దుప్పిని తప్పించడానికి స్టీరింగును ఒక్కసారిగా ఒక వైపునకు, వెంటనే రెండవ వైపునకు తిప్పడమే ఆ పరీక్ష. ఆ తరువాత ఆ కారులో ఇ.ఎస్.పి. తప్పనిసరి భాగమైనది. చిన్న కార్లలో ఈ వ్యవస్థ వ్యాపించడానికి ఆ సంఘటన దోహదం చేసినది.

భారతదేశంలో 2023 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో మూడు నక్షత్రాలు, అంతకు మించి పొందాలంటే కారులో స్థిరత్వ వ్యవస్థ ఉండవలెను. అందువలన ఈ సెన్సారు ఇప్పుడు మధ్యతరగతి కుటుంబాల కార్లలోనూ కనిపిస్తున్నది. ఆటోలలో, సాధారణ ట్రాక్టర్లలో ఇది ఉండదు.

నిర్మాణం, పనిచేయు విధానం

ఈ సెన్సారు సాధారణంగా స్టీరింగు చక్రానికి దిగువన, స్టీరింగు కాలమ్‌పై అమర్చబడి ఉంటుంది. చాలా వాహనాలలో ఎయిర్‌బ్యాగుకు, హారనుకు విద్యుత్తును తీసుకువెళ్ళే చుట్టల తీగ, అనగా క్లాక్ స్ప్రింగ్, కూడా అక్కడే ఉంటుంది. కొన్ని వాహనాలలో కోణాన్ని కొలిచే పని ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు యూనిట్‌లోనే జరుగుతుంది. ఈ సెన్సార్లు ప్రధానంగా రెండు రకములు.

కాంతి ఆధారిత సెన్సారు: చీలికలు గల పలుచని బిళ్ళ స్టీరింగుతో పాటు తిరుగుతుంది. దానికి ఒక వైపున చిన్న కాంతి దీపం, మరొక వైపున కాంతిని గుర్తించే పరికరం ఉంటాయి. కాంతి ఎన్నిసార్లు తెగి వెలిగినదో లెక్కించి కోణాన్ని తెలుసుకుంటారు. దుమ్ము చేరితే ఈ రకం తప్పు లెక్క ఇవ్వవచ్చును.

అయస్కాంత ఆధారిత సెన్సారు: స్టీరింగుతో తిరిగే పెద్ద పళ్ళచక్రం రెండు చిన్న పళ్ళచక్రాలను తిప్పుతుంది. చిన్న చక్రాలలో అయస్కాంతాలు ఉంటాయి. ఆ రెండింటి పళ్ళ సంఖ్యలో స్వల్ప తేడా ఉండడం వలన వాటి స్థానాల జంట స్టీరింగు మొత్తం ప్రయాణంలో ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉంటుంది. దీనిని బట్టి స్టీరింగు ఒక పూర్తి చుట్టు దాటినా, అది ఎన్నవ చుట్టులో ఉన్నదో తెలుస్తుంది. గడియారంలో రెండు ముళ్ళను కలిపి చూసి సమయాన్ని చెప్పడం వంటిదే ఇది.

కొలిచిన కోణం క్యాన్ అనే రెండు తీగల సమాచార మార్గం ద్వారా ఇతర కంప్యూటర్లకు చేరుతుంది. ఈ పద్ధతిని బాష్ సంస్థ 1986లో ప్రకటించినది. ఇ.ఎస్.పి. కంప్యూటరు స్టీరింగు కోణాన్ని బట్టి డ్రైవరు ఎటు వెళ్ళదలచినాడో, వాహనపు భ్రమణాన్ని కొలిచే మరొక సెన్సారును బట్టి వాహనం నిజంగా ఎటు వెళ్ళుచున్నదో తెలుసుకొని, రెండింటినీ పోల్చుతుంది. తేడా ఎక్కువైతే తగిన చక్రానికి మాత్రమే బ్రేకు వేసి వాహనాన్ని దారిలోనికి తెస్తుంది.

చిన్న తప్పు - పెద్ద ఫలితం

సెన్సారులో వచ్చే పొరపాటు ఎంత ప్రభావం చూపుతుందో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చును. కారు ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2.5 మీటర్లు, వేగం గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్లు అనుకుందాము. స్టీరింగు 15 డిగ్రీలు తిరిగితే ముందు చక్రాలు 1 డిగ్రీ, అనగా 0.0175 రేడియన్లు, తిరుగుతాయనుకుందాము. టైర్ల జారుడును పక్కన పెడితే, అప్పుడు కారు సెకనుకు 20 × 0.0175 ÷ 2.5 = 0.14 రేడియన్లు, అనగా సుమారు 8 డిగ్రీల చొప్పున తిరుగవలెను.

కారు తిన్నగా పోవుచుండగా సెన్సారు 15 డిగ్రీలు తప్పు చూపినదంటే, డ్రైవరు మలుపు తిరుగదలచినాడని, కారు మాత్రం తిరుగుట లేదని కంప్యూటరు పొరబడే అవకాశం ఉన్నది. అందుచేతనే కంప్యూటరు ఈ సమాచారాన్ని నాలుగు చక్రాల వేగాలతో, భ్రమణ సెన్సారుతో సరిపోల్చుకుంటుంది. పొంతన కుదరకపోతే స్థిరత్వ వ్యవస్థను నిలిపివేసి దీపాన్ని వెలిగిస్తుంది. మామూలు బ్రేకులు, స్టీరింగు పనిచేస్తూనే ఉంటాయి. కనుక డ్రైవరుకు ఏ లోపమూ తెలియదు. రక్షణ లేదన్న సంగతి ప్రమాద సమయంలోనే బయటపడుతుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో ప్రాముఖ్యత

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడినవి. ఈ ప్రాంతపు రహదారులు స్థిరత్వ వ్యవస్థ అవసరాన్ని రెండు విధాలుగా తెలియజేస్తాయి.

మొదటిది 44వ నెంబరు జాతీయ రహదారి. గతంలో 7వ నెంబరు రహదారిగా పిలువబడిన ఈ మార్గం కొత్తకోట, పెబ్బేరు మీదుగా వచ్చి, బీచుపల్లి వద్ద కృష్ణా నదిని దాటి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తాల మీదుగా కర్నూలుకు సాగుతుంది. ఇక్కడ వాహనాలు అధిక వేగంతో ప్రయాణిస్తాయి. స్వీడన్ పరీక్షలో దుప్పి పాత్రను ఇక్కడ గేదె గాని, గొర్రెల మంద గాని పోషించవచ్చును. వేగంలో ఉండి ఒక్కసారిగా స్టీరింగు తిప్పవలసిన ఆ క్షణంలోనే ఇ.ఎస్.పి. అవసరమవుతుంది.

రెండవది నాగర్‌కర్నూల్ జిల్లాలో మన్ననూరు, దోమలపెంటల మీదుగా శ్రీశైలం వైపునకు పోయే నల్లమల ఘాట్ రోడ్డు. ఇక్కడ వేగం తక్కువైనా, వంకర మలుపులు, దిగుడు, వానాకాలపు తడి కలిసినప్పుడు టైర్లు పట్టు కోల్పోవచ్చును.

నీటి ముంపు కూడా గుర్తుంచుకొనదగిన విషయం. 2009 అక్టోబరులో వచ్చిన వరదలో అలంపూర్, కర్నూలు పట్టణాలు నీట మునిగాయి. మునిగిన వాహనం ఆరిన తరువాత మామూలుగా నడచినా, కప్లర్ల లోపలి పిన్నులకు చిలుము పట్టి నెలల తరువాత లోపాలు బయటపడవచ్చును. పాత కారు కొనేవారు ఈ సంగతిని విచారించవలెను.

లోపపు లక్షణాలు

* ఇ.ఎస్.పి. దీపం, అనగా జారుచున్న కారు బొమ్మ గల పసుపు దీపం, ఆరకుండా వెలుగుట.
* తిన్నని రోడ్డుపై గాని, మామూలు మలుపులో గాని అకారణంగా ఒక చక్రానికి బ్రేకు పడినట్లు అనిపించుట.
* రివర్సు కెమెరాలో మార్గాన్ని చూపే గీతలు స్టీరింగుతో పాటు వంగకపోవుట.
* టైర్లు, స్టీరింగు భాగాలు, బ్యాటరీ మార్చిన వెంటనే దీపం మొదలగుట.

స్టీరింగు బిగుసుకొని బరువుగా తిరిగితే అది సాధారణంగా కోణ సెన్సారు లోపం కాదు. చేతి బలాన్ని కొలిచే టార్కు సెన్సారు, పవర్ స్టీరింగు మోటారు వంటి వాటిని ముందుగా అనుమానించవలెను. అటువంటి వాహనాన్ని ఘాట్ రోడ్డుపైకి తీసుకుపోరాదు.

నిర్ధారణ క్రమం

1. బ్యాటరీ: ఇంజను ఆపి కొంతసేపు ఉంచిన తరువాత ఆరోగ్యకరమైన 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుచుచుండగా చాలా వాహనాలలో 13.5 నుండి 14.5 వోల్టుల మధ్య ఉంటుంది. వోల్టేజి తగ్గితే అనేక కంప్యూటర్లు తప్పుడు లోపాలను నమోదు చేస్తాయి.

2. టైర్లు, చక్రాలు: నాలుగు టైర్ల పరిమాణం, గాలి, అరుగుదల చూడవలెను. తిన్నగా పోవునప్పుడు స్టీరింగు వంకరగా ఉన్నచో ముందుగా అలైన్‌మెంటును సరిచేయవలెను. టై రాడ్ల వదులును కూడా పరిశీలించవలెను.

3. స్కానరు: డాష్‌బోర్డు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టుకు స్కానరు కలిపి నమోదైన కోడ్లన్నిటినీ రాసుకొనవలెను. ఇంజను కోడ్లను మాత్రమే చదివే చవక పరికరాలు ఈ పనికి చాలవు. బ్రేకు, స్టీరింగు కంప్యూటర్లను చదువగల స్కానరు కావలెను. సి 0051 అనే కోడు స్టీరింగు స్థాన సెన్సారుకు సంబంధించినది. యు 0126 అనే కోడు సెన్సారుతో సంబంధం తెగిపోయినదని, యు 0428 సెన్సారు నుండి చెల్లని సమాచారం వచ్చినదని తెలుపుతాయి. కోడు ఫిర్యాదు వంటిదే గాని తీర్పు కాదు. యు 0126 వచ్చినప్పుడు సెన్సారు బాగుండి, తీగ తెగి ఉండవచ్చును.

4. ఫ్యూజు, వైరింగు: సెన్సారుకు విద్యుత్తు, ఎర్తు సరిగా అందుచున్నవో లేవో మల్టీమీటరుతో చూడవలెను. బ్యాటరీ తీసివేసి క్యాన్ తీగల మధ్య నిరోధాన్ని కొలిస్తే చాలా వాహనాలలో సుమారు 60 ఓములు వస్తుంది. మార్గం రెండు చివరల 120 ఓముల చొప్పున నిరోధాలు సమాంతరంగా ఉండడమే ఇందుకు కారణం. 120 చూపితే ఒక చివర సంబంధం తెగినదని, సున్నాకు దగ్గరగా ఉంటే తీగలు ఒకదానికొకటి తగిలినవని అనుమానించవలెను.

5. ప్రత్యక్ష కొలత: స్కానరులో కోణాన్ని చూస్తూ స్టీరింగును ఎడమ చివర నుండి కుడి చివర వరకు నెమ్మదిగా తిప్పవలెను. అంకెలు క్రమంగా మారవలెను. తిన్నగా ఉన్నప్పుడు సున్నాకు దగ్గరగాను, రెండు చివరలలో ఇంచుమించు సమానంగాను ఉండవలెను. అంకె మధ్యలో నిలిచిపోయినా, ఒక్కసారిగా గెంతినా లోపం సెన్సారులో గాని దాని కప్లర్‌లో గాని ఉన్నది.

ఒక ఉదాహరణ

వనపర్తికి చెందిన ఒక కుటుంబం నాగర్‌కర్నూల్, అచ్చంపేటల మీదుగా శ్రీశైలం యాత్రకు బయలుదేరదలచి, కారుకు టైర్లు మార్పించి అలైన్‌మెంటు చేయించినదని అనుకుందాము. మరునాడు ఇ.ఎస్.పి. దీపం వెలిగినది. స్కానరులో చూడగా చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు 9 డిగ్రీలు, ఎడమ చివర 519, కుడి చివర 501 డిగ్రీలు కనిపించాయి. అంకెలు ఎక్కడా గెంతలేదు. రెండు చివరల తేడా 18, అందులో సగం 9. తిన్నగా ఉన్నప్పుడు కనిపించిన పొరపాటు కూడా 9. అనగా సెన్సారు సరిగానే కొలుస్తున్నది, దాని సున్నా మాత్రమే జరిగినది. తూకం వేయకముందే ముల్లు పక్కకు జరిగి ఉన్న త్రాసు వంటి స్థితి ఇది. త్రాసును పారవేయనక్కరలేదు, ముల్లును సరిచేస్తే చాలును. ఈ పరీక్ష చేయకుండా కొత్త సెన్సారు కొన్నచో సొమ్ము వృథా అవుతుంది. దీపాన్ని పట్టించుకోకుండా ఘాట్ ఎక్కినచో రక్షణ లేకుండా ప్రయాణించినట్లే.

సున్నా స్థానాన్ని సరిచేయుట

వాహనాన్ని సమతలంపై నిలిపి, చక్రాలను, స్టీరింగును తిన్నగా ఉంచి, స్కానరులోని తగిన ఆదేశం ద్వారా సున్నాను నమోదు చేస్తారు. కొన్ని వాహనాలలో బ్యాటరీ తిరిగి బిగించిన తరువాత స్టీరింగును ఒక చివర నుండి మరొక చివరకు తిప్పి, కొంతదూరం తిన్నగా నడిపితే సరిపోతుంది. పద్ధతి ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క విధంగా ఉంటుంది కనుక తయారీదారు పుస్తకాన్ని అనుసరించవలెను. అలైన్‌మెంటు చేయించినప్పుడు, స్టీరింగు భాగాలు విప్పినప్పుడు, సెన్సారు మార్చినప్పుడు ఈ పని జరిగినదో లేదో వాహన యజమాని అడిగి తెలుసుకొనవలెను.

జాగ్రత్తలు

* స్టీరింగు చక్రం విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీగను తొలగించి, పుస్తకంలో సూచించినంత సమయం ఆగవలెను. లేనిచో ఎయిర్‌బ్యాగు పేలే ప్రమాదం కలదు.
* పసుపు రంగు కప్లర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. వాటిని మల్టీమీటరుతో గాని, టెస్టు లాంపుతో గాని పరీక్షించరాదు.
* క్లాక్ స్ప్రింగ్‌ను మధ్య స్థానంలో ఉంచకుండా బిగిస్తే, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు తీగ తెగిపోతుంది.
* కోడును చెరిపివేయడం మరమ్మతు కాదు. కారణం తొలగకపోతే కోడు తిరిగి వస్తుంది.
* మరమ్మతు ముగిసిన తరువాత రద్దీ లేని రోడ్డుపై నెమ్మదిగా నడిపి, దీపం మళ్ళీ వెలుగుట లేదని నిర్ధారించుకొన్న పిమ్మటనే దూర ప్రయాణం చేయవలెను.